కొమ్ముల గుర్తు

తబూక్, 1993 జూలై. బుధవారం మధ్యాహ్నం. సర్వేయరు హరనాథ్ ఇంట్లో వంటగది. అతనూ, భార్య అలివేలుమంగా, కూతురు శ్రీలేఖా.

"వెయ్యొద్దని రెండుసార్లు చెప్పాను, అలివేలూ."

"రెండుసార్లూ విన్నాను."

"విని?"

"వేశాను. ఇంగువ లేకుండా పులిహోరేంటండీ? దాన్ని పసుపన్నం అంటారు."

"పసుపన్నమే పెట్టు. తింటాను. పోయినవారం ఏమైందో చెప్పానుగా. డబ్బా మూత తీశానో లేదో గాలి అటు తిరిగింది. ఎదురు కొండమీంచి ఏడు మేకలు నీళ్ళకి దిగుతున్నాయి. ఏడూ ఒక్కసారే తలెత్తాయి. మళ్ళీ కనిపిస్తే ఒట్టు. మా యజమాని అబూ నాయిఫ్ నా డబ్బా లాక్కుని వాసన చూసి, ఇందులో ఏం చచ్చింది అని అడిగాడు."

"మీరేం చెప్పారు?"

"కడుపునొప్పికి మందని చెప్పాను."

"ఇంగువని మందన్నారా?"

"నిజమేగా అమ్మా. నా చిన్నప్పుడు బొడ్డు చుట్టూ రాసేదానివిగా."

"నువ్వు ఊరుకో లేఖా. తలకి నూనె రాసుకోకూడదు, పౌడరు వేసుకోకూడదు, వాసనసబ్బుతో స్నానం చెయ్యకూడదు. ఇప్పుడు ఇంగువ. ఈయన వెళ్ళేది కొండమేకల్ని వెతకడానికా, పెళ్ళిచూపులకా?"

"పెళ్ళిచూపులకైతే పౌడరు వేసుకుంటారమ్మా."

"ఇద్దరూ నవ్వుకోండి. ఎండలో పొట్టమీద పడుకుని దుర్భిణిలో చూసేది నేను. ఇప్పుడు వెతుక్కోకపోతే చలికాలంలో ఏం దొరుకుతుంది? వేసవిలోనే గుంటలన్నీ ఎండిపోయి రెండో మూడో మిగుల్తాయి. ఏ మంద ఏ గుంటకి దిగుతోంది, అందులో పోతులెన్ని, కొమ్ముల మీద గణుపులెన్ని..."

"...అన్నీ కాగితం మీద గుర్తులేసి పెట్టుకుంటే సీజను మొదలవగానే తిన్నగా అక్కడికే వెళ్ళి కాల్చుకోవచ్చు. మూడేళ్ళ నుంచీ వింటున్నాను. మీకు జొరమొస్తే ఈ పాఠం నేను వెళ్ళి చెప్పొస్తాను."

"అయితే మరి ఇంగువెందుకు వేశావు?"

"మీరు వెళ్ళకూడదని వేశాను. చాలా?"

"అదేం మాట?"

"అదే మాట. చలికాలం సీజను సంగతి తరవాత. ఇరవై నాలుగో తారీకు సంగతి చెప్పండి."

"ఇవాళ ఎంత?"

"పధ్నాలుగు."

"పదిరోజులుందిగా ఇంకా."

"ఎక్కడుంది? రేపూ ఎల్లుండీ మీరు కొండమీద. శనివారం నుంచి లెక్కపెడితే ఏడు. జెడ్డా వెళ్ళాలి, బొంబాయిలో దిగాలి, అక్కణ్ణించి రైలు. గుంటూరు కాలేజీ వాళ్ళు ఆ తారీకు కింద ఎర్రసిరాతో గీత కొట్టి మరీ పంపారు. దాటితే సీటు లేదని."

"అడిగాను అబూ నాయిఫ్‌ని."

"ఎప్పుడు?"

"మొన్న. కాదు, పోయినవారం."

"ఏమన్నాడు?"

"చూద్దామన్నాడు."

"చూద్దామన్నాడా, ఇన్షా అల్లా అన్నాడా?"

"రెండూ అన్నాడు."

"నిరుడు కూడా రెండూ అన్నాడు. ఇక్కడి బళ్ళో పదితో సరి. పదయ్యాక పిల్లని ఇంటికి పంపాలని అప్పుడూ అడిగారు. సీజను కానీ అన్నాడు. సీజనయ్యేసరికి సంక్రాంతి దాటింది. దీనికో ఏడాది పోయింది."

"ఏడాదేం పోలేదమ్మా. చాలా నేర్చుకున్నాను. ఎదురింటివాళ్ళ నీళ్ళట్యాంకు ఎన్నింటికి నిండుతుందో చెప్పగలను. కింద రొట్టెలబట్టీ దగ్గిర రోజుకెన్ని కార్లు ఆగుతాయో చెప్పగలను. కిటికీ అద్దాల మీద కువైట్ యుద్ధమప్పుడు నాన్న అంటించిన టేపుల మరకలు మొత్తం ముప్ఫై రెండు."

"ఆ మరకలు గోకమని నీకు చెప్పలేదూ?"

"గోకేస్తే లెక్కపెట్టుకోడానికి ఏం ఉంటుంది?"

"లేఖా, నాన్నతో అలా మాట్లాడతావా? మీరు చెప్పండి. గట్టిగా అడగలేరూ? పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనేగా ఉన్నాయి. సంతకం పెట్టి, వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ స్టాంపు కొట్టించడానికి ఆయనకి ఒక పూట పని."

"గట్టిగా ఎలా అడగమంటావు ఆ మనిషిని? యుద్ధంలో మనల్నెవరు చూశారు? ఊరికి ఆనుకునే విమానాల స్థావరం. ఏ క్షణాన ఏం పడుతుందో తెలీదు. మన కంపెనీలో ఇరవైమందిమి ఉన్నాం. ఆయన బండి మన గుమ్మం ముందే ఆగింది. పదకొండు రోజులు కొండల్లో ఆయన గుడారంలో ఉన్నాం. నువ్వూ ఆయన భార్య ఉమ్ నాయిఫూ ఒక కంబళి కప్పుకుని పడుకున్నారు."

"మర్చిపోలేదు. ఆ కంబళి వాసన కూడా మర్చిపోలేదు. కానీ ఆ పదకొండు రోజుల్లో ఊరికే కూర్చోక, మీ సర్వే దుర్భిణి తీసి, అదిగో కొండమేక అని చూపించిందెవరు? పుట్టినప్పట్నుంచీ ఆ కొండల్లో తిరిగిన ముసలాళ్ళకి కనపడంది మీకు కనపడింది."

"కనపడింది. ఏం చెయ్యమంటావు?"

"కనపడితే ఊరుకోవాల్సింది. ఆ గొప్పకి పోయే కదా ఇన్ని బుధవారాలు!"

"గొప్పకి కాదే. లేఖ ఏడుస్తోంటే, దాన్ని మరిపించడానికి చూపించాను."

"నన్నా? నేనేడ్చానా?"

"పధ్నాలుగేళ్ళదానివి. సైరన్ మోగినప్పుడల్లా ఏడ్చేదానివి. కొండ అంచుమీద నిలబడ్డ ఆ మేకని చూసి మానేశావు."

"సరే, ఇప్పుడు మాట మార్చకండి. నేనొకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. మొన్న ఆదివారం ఉమ్ నాయిఫ్ గౌను కుట్టించుకోడానికొచ్చింది."

"వస్తే?"

"వాళ్ళాయన మీకేదో మాటిచ్చాడట."

"ఏం మాట?"

"నేనడుగుతుంటే నన్నడుగుతారేం? రియాద్ నించి బావమరుదులు వస్తున్నారు, వాళ్ళ ముందు తలెత్తుకోవాలి, ఆ పెద్దపోతు ఈ ఏడు ఎక్కడ మకాం పెట్టిందో హరనాథ్ చూపించిన రోజున రెండు పాస్‌పోర్టులూ వాళ్ళింటికి పంపిస్తాను అన్నాడట. తన గడ్డం పట్టుకుని ఒట్టేసి చెప్పాడట. నిజమా?"

"ఆడవాళ్ళ కబుర్లు."

"నిజమా, కాదా?"

"అన్నాడు. అనడం అన్నాడు. దొరకాలిగా?"

"మాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం లాభం? మీరు ఆశపెట్టుకోవడం తప్ప. ఆ కొండలు నీ వంటగది అనుకున్నావా? ఎనభై కిలోమీటర్ల పొడుగు. అది ముసలిది. ఒక కొమ్ము చివర విరిగింది. మిగతావాటితో కలవదు. ఒంటరిగా తిరుగుతుంది."

"ఇంకా దొరకలేదంటారు."

"దొరికితే చెప్పనా?"

"నాన్నా."

"నీకేం కావాలమ్మా?"

"ఆ మూడో గుంట పైన, నల్లరాయి పక్కన, నువ్వేదో గుర్తేసి చెరిపేశావు."

"ఎక్కడ?"

"నీ పెన్సిలు కాగితంలో. ఫెయిర్ కాపీ గీసేది నేనేగా నాన్నా. చెరిపినా కాగితం మీద గాడి ఉంది. వేలు పెడితే తగుల్తుంది."

"అదా. అది సర్వే గుర్తు. తప్పు చోట వేశాను, చెరిపేశాను."

"సర్వే గుర్తుకి త్రికోణం వేస్తావు. నీళ్ళకి అలలు. ఆడమేకకి చుక్క, పోతుకి నిలువుగీత. ఇది రెండు వంకర గీతలు. అందులో ఒకటి పొట్టిది. మూడు కాగితాల్లో ఉంది. మూడు వారాలూ అదే చోట. మూడుసార్లూ చెరిపేశావు."

"ఏమండీ, అదేమంటోంది?"

"దాహంగా ఉంది. నీళ్ళివ్వు."

"ముందు చెప్పండి."

"నీళ్ళివ్వు అలివేలూ, చెప్తాను."

"ఇవిగో. తాగండి. తాగారుగా. చూశారా దాన్ని?"

"చూశాను."

"మూడుసార్లు?"

"నాలుగు. ఒకసారి గుర్తే వెయ్యలేదు."

"నాలుగుసార్లు చూశారు. చూసి, ఇంటికొచ్చి, ఈ బల్ల దగ్గిరే కూర్చుని, ఇన్షా అల్లా అన్నాడని చెప్పారు. నేను రోజూ కేలండర్లో గీతలు కొట్టుకుంటూంటే, పక్కనే కూర్చుని టీ తాగారు."

"అది నీళ్ళు తాగేతీరు నువ్వు చూడలేదు. మిగతావన్నీ తాగి వెళ్ళిపోయాక వస్తుంది. ఒక గుక్క తాగుతుంది, తలెత్తి చూస్తుంది. మళ్ళీ ఒక గుక్క. నేనున్న వైపే చూస్తుంది. నేను చెప్తే, చలికాలంలో ఆ గుంట దగ్గిరే పడుకోబెట్టి..."

"అయ్యో పాపం! మేకమీద జాలి. మేకని దాచిపెట్టి కూతుర్ని కట్టేశారు."

"కట్టెయ్యడమేంటి, అంత మాట?"

"మరేమంటారు? పోయిన ఏడాది మీరు చూపించినవాటిని కాల్చారుగా. నాలుగు పడ్డాయి. అప్పుడెక్కడికి పోయింది జాలి? మాంసం పంపిస్తే మనం తినమని చెప్పి డ్రైవరు దిలావర్‌కి ఇప్పించారుగా. ఈ ఒక్కదాని మీదే పుట్టుకొచ్చిందా?"

"అవును. ఈ ఒక్కదాని మీదే."

"నా మొహం చూసి చెప్పండి."

"చెప్పాను."

"గ్లాసుకేసి చూసి చెప్పారు."

"నాన్నా, నిజం చెప్పు. నేనేం అనను. అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. నాన్నా?"

"రెండు పాస్‌పోర్టులు. ఒకటి కాదుగా, రెండు."

"అయితే?"

"నువ్వొక్కదానివే వెళ్తే వేరు... మీ అమ్మ కూడా నీతో వస్తుంది. గుంటూర్లో గది తీసుకుంటుంది. ఇంటర్ రెండేళ్ళు. ఆ తరవాత డిగ్రీ అంటావు, ఇంకోటంటావు. ఇక ఇటు వస్తారా మీరు?"

"ఎందుకు రామండీ? రీ-ఎంట్రీ అని రాసే కదా ఇచ్చేది?"

"రాయడానికేముంది. మన రోడ్ల ఇంజనీరు అనురాగ్ పెళ్ళాంబిడ్డల్ని ఆర్నెల్లకని పంపాడు. వచ్చారా? చివరికి అతనే వెళ్ళిపోయాడు. నాకది కుదరదు, కాంట్రాక్టు ఇంకా మూడేళ్ళుంది."

"రెండేళ్ళు ఒక్కరూ ఉండలేరా? మమ్మల్ని తీసుకురాకముందు రాస్ తనూరాలో అయిదేళ్ళు ఉన్నారుగా. ఎంత కులాసాగా రాసేవారు ఉత్తరాలు! సముద్రం, చేపలవాళ్ళు, గదిలో నలుగురు స్నేహితులు..."

"నలుగురు కాదు. ఇద్దరం."

"నలుగురని రాశారు."

"మొదట్లో నలుగురు. తరవాత నేనూ పీరయ్యా. నిజామాబాద్ వైపు మనిషి, పైపుల పని. నీకెప్పుడూ రాయలేదు."

"పేరు కూడా విన్లేదు."

"ఒక శుక్రవారం క్యాంపులో అందరూ దమ్మామ్ వెళ్ళారు. మేమిద్దరమే ఉన్నాం. భోంచేసి పడుకున్నాడు. నాలుగింటికి టీ పెట్టి లేపాను. పీరయ్యా, టీ. పలకలేదు. పొద్దున ఉప్పు విషయంలో మాటా మాటా అనుకున్నాం. అలిగాడనుకున్నాను. ఇంకోసారి పిలిచాను. పలకలేదు. నాకూ కోపమొచ్చింది. పలక్కపోతే పోనీ అని రెండు గ్లాసులూ నేనే తాగేశాను. రేడియో పెట్టుకుని కూర్చున్నాను. చీకటిపడ్డాక లైటు వేస్తే అప్పుడు తెలిసింది. గదికి వాళ్ళూ వీళ్ళూ వచ్చేసరికి తెల్లారింది. శవం వాళ్ళూరు చేరేసరికి నలభై రోజులు. ఒక కాగితం ఉంటే ఇంకోటి లేదు. ఆ నలభై రోజులూ ఆ గదిలోనే పడుకున్నాను. ఇంకో గది ఇవ్వలేదు. ఎదుటి మంచం అలాగే ఉండేది. రోజూ నాలుగింటికి... ఇప్పుడెందుకులే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఉత్తరంలో ఏమని రాయను? ఆ తరవాత ఆర్నెల్లకి ఈ తబూక్ పని దొరికింది. అబూ నాయిఫ్ ఫామిలీ వీసా ఇస్తాడని తెలిసి జీతం తక్కువైనా ఒప్పుకున్నాను."

"ఆయన్ని మంచివాడని ఎందుకంటారో అనుకునేదాన్ని."

"నాన్నా."

"నీ సీటు పోవాలని కాదమ్మా. ఒక్క వారం, ఇంకొక్క వారం అనుకున్నాను. చెబ్దామనే ప్రతిసారీ గుర్తేసేవాణ్ణి. ఇంటికొచ్చేముందు చెరిపేసేవాణ్ణి."

"ఈ సంగతి నాకు ముందే తెలిస్తే నేను పెట్టేదాన్ని కాదేమో నాన్నా."

"ఏం పెట్టేదానివి?"

"ఆ గుర్తు. ఫెయిర్ కాపీలో పెట్టేశాను."

"ఏ కాపీలో?"

"ఈవారం దాంట్లో. నల్లఇంకుతో. రెండు వంకర గీతలూ, ఒకటి పొట్టిగా. పక్కన పోయిన శుక్రవారం తారీకు కూడా వేశాను, నువ్వు ఇన్నాళ్ళూ దాచావని ఆయనకి తెలీకుండా."

"ఆ కాగితమేది? బల్లమీదుండాలి."

"లేదు. దిలావర్ పదకొండింటికి రోడ్డు నక్షాల కోసం వచ్చాడుగా. నువ్వు స్నానంలో ఉన్నావు. వాటితోపాటే పంపేశాను."

"లేఖా! నన్నడక్కుండా?"

"అడిగితే చెరిపేస్తావుగా."

"ఎంత పని చేశావే! అలివేలూ, నీకు తెలుసా ఇది?"

"ఇప్పుడు మీతోపాటే వింటున్నాను."

"అది ఇవాళ కూడా వస్తుంది నీళ్ళకి. ఆ గుంట తప్ప దానికి వేరే లేదు. అది ముసలిదమ్మా."

"నాన్నా, నాకు పదిహేడేళ్ళు. పదహారో ఏడంతా ఈ కిటికీలోనే అయిపోయింది. మేకకి ఒక గుంటయినా ఉంది."

"ఫోను మోగుతోందండీ."

"నువ్వు తియ్యి."

"మగవాళ్ళెవరైనా అయితే నన్ను తియ్యొద్దని మీరేగా అంటారు. తియ్యండి."

"హలో... అలైకుమస్సలాం, అబూ నాయిఫ్... ఐవా, అవును... చూశారా?... లా, లా, అదేం కాదు, నాకూ నమ్మకం లేక చెప్పలేదు, పోయినవారమే... ఒక కొమ్ము, అవును, పొట్టి... మీరే వస్తున్నారా? దిలావర్ కాదా?... అవును, మూడో గుంట... నా కూతురు గీసింది. అవును, చదువుకి వెళ్ళాల్సిన అమ్మాయే... షుక్రాన్... మీ దయ, షుక్రాన్, అబూ నాయిఫ్... రెండూ?... శనివారం. షుక్రాన్."

"ఏమన్నాడు?"

"ఆయనే వస్తున్నాడు, అరగంటలో. ఇవాళే చూడాలట. ఉమ్ నాయిఫ్‌ని పిలిచి కాగితం చూపించాడట. నీ కూతురు చెయ్యి ఎంత బాగుందో అన్నాడు."

"పాస్‌పోర్టులు?"

"శనివారం పొద్దున మనిషిని పంపించి స్టాంపు కొట్టిస్తాడు. ఇద్దరివీ. సాయంత్రానికి ఇంటికి పంపిస్తానన్నాడు."

"నిజంగానా నాన్నా?"

"గడ్డం పట్టుకున్న మనిషి మాట తప్పడు. వెళ్ళు, పెట్టెలు సర్దుకోండి. నా బూట్లెక్కడున్నాయి?"

"గుమ్మం పక్కన. నాన్నా, కోపమా?"

"లేదు. బాగా గీశావు. ఆ ముసలిపోతే తప్పు చేసింది. పోతులు చూడు, ఎక్కువ దాహమైనప్పుడే దొరుకుతాయి. నువ్వు సంతోషంగా ఉండాలి అలివేలూ. గెలిచావుగా."

"ఇందులో గెలుపేముందండీ."

"రెండేళ్ళేగా. చూస్తూండగా అయిపోతాయి. నేను వండుకుంటాను. పులిహోర నేర్చుకుంటాను."

"ముందు కళ్ళు తుడుచుకోండి. ఆయనొచ్చేవేళకి ఈ మొహంతో ఉంటే ఏమనుకుంటాడు?"

"దుమ్ము. ఈ సంచి దులుపుతుంటే పడింది."

"కూర్చోండి. బూట్లు తరవాత వేసుకోవచ్చు. లేఖా, నువ్వూ ఇలా వచ్చి కూర్చో. గుంటూర్లో గది చూడమని సంధ్య పిన్నికి రాసిన ఉత్తరం పోస్టు చేయించావా?"

"లేదమ్మా. సంచిలోనే ఉంది. ఇవాళ నాన్నకిద్దామనుకున్నాను."

"చింపెయ్యి."

"చింపడమేంటి? మళ్ళీ ఏమైంది?"

"నీకేం కాలేదు, నువ్వు వెళ్తున్నావు. కాలేజీ హాస్టలుకి రాయి, ఒక మంచం కావాలని. నిన్ను చేర్పించి, నీకు అక్కడ అన్నం సరిపడుతుందో లేదో చూసి, నెల తిరక్కుండా నేను వెనక్కొచ్చేస్తాను."

"అమ్మా, నువ్వే కదా ఈ ఇల్లంటే ఊపిరాడదని..."

"అన్నాను. ఇప్పుడూ అంటున్నాను."

"అలివేలూ, నా కోసం జాలిపడి నువ్వు..."

"జాలి కాదు. నేనూ ఒకటి అడుగుతాను, అది కుదిరితేనే వస్తాను. ఇవాళ్టి నించే కుదరాలి."

"అడుగు. ఏదైనా సరే."

"కొండకి వెళ్ళేప్పుడల్లా మేమిద్దరం లోపలుండగా బయట తాళం వేసుకుని వెళ్తారే, ఆ తాళంచెవి ఈ బల్లమీద పెట్టి వెళ్ళండి."